పన్నెండు మందికి ఒక పొయ్యి

ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు పట్టుకుంటే బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం, మాల్ దాటుకుంటూ కృష్ణ నీళ్ల దాకా పోవచ్చు. ఆదివారాలు తెల్లవారకముందే ఈ దారి మీద తుఫాన్ బండ్లు, టెంపో ట్రావెలర్లు వరస కడతాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, చైతన్యపురి, కొత్తపేట కాలనీల కుటుంబాలు, ఒకే ఆఫీసులో పనిచేసే మిత్రులు పదిమందో పన్నెండు మందో కలిసి బయల్దేరతారు. దేవరకొండ అవతల, సాగర్ వెనుక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ ఉంది. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊరు కాబట్టి దానికా పేరు. అక్కడ పడవ మాట్లాడుకుని నీళ్ల మీద ఓ చుట్టు తిరిగి, ఏదో ఒక గట్టున దిగి వండుకుని తిని, చీకటి పడేలోపు తిరిగొస్తారు. ఇంకొందరు కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు పోతారు. తెడ్డు తామే వేయాలని సరదాపడేవాళ్లు వికారాబాద్ పక్కన కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాక్ ఎక్కుతారు.

బండి, పడవ, చికెన్, చేపలు, ఎవరి వాటా ఎంత అన్నీ వారం ముందే వాట్సాప్‌లో తేలిపోతాయి. పొయ్యి సంగతి మాత్రం చివరి రాత్రి దాకా ఎవరికీ పట్టదు. ఎవరి గదిలో ఏది ఉంటే అది బండెక్కుతుంది. మధ్యాహ్నం రెండు దాటినా అన్నం పలుకుగానే ఉండి, ఆకలితో నకనకలాడుతూ పన్నెండు మంది గంజు చుట్టూ కూర్చున్నారంటే, తప్పు చాలాసార్లు వండేవాళ్లది కాదు, పొయ్యిది. ఏ పొయ్యి మంట ఎంత పెద్దది అని కాకుండా, గిన్నెలోకి ఎంత వేడి చేరాలి, ఆ వేడి ఇవ్వడానికి ఇంధనం ఎంత వేగంగా ఆవిరి కాగలదు అని లెక్క వేసుకుంటే ఎంపిక తేలిక. ఈ లెక్కలో పదో తరగతి భౌతికశాస్త్రానికి మించింది ఏదీ లేదు.

టెంట్ హౌస్‌కు పోతే మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది.

"ఎంతమంది తమ్మీ?"

"పన్నెండు మందిమన్నా. సాగర్ పోతున్నం."

"అయితే భట్టీ తీస్కపో. పది నిమిషాల్ల అన్నం అయితది."

నూటయాభై మంది పెళ్లి వంటకు ఆ మాట అక్షరాలా నిజం. ఇనుప చట్రం, మధ్యలో పోత ఇనుము బర్నర్, ఎక్కువ పీడనం ఇచ్చే రెగ్యులేటర్, వెనక 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఉంటే భట్టీకి ఎదురు లేదు. పన్నెండు మంది వంటకు, అయిదు కిలోల చిన్న సిలిండర్‌కు తగిలిస్తేనే చిక్కు. అదేమిటో తెలియాలంటే ముందు బియ్యం లెక్క చూడాలి.

మనిషికి 125 గ్రాముల చొప్పున పన్నెండు మందికి కిలోన్నర బియ్యం. ఎసరు మూడు లీటర్లు. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ల వేడి కావాలి. మూడు లీటర్లకు 940, బియ్యం వేడెక్కడానికి మరో 190, ఉడికేటప్పుడు ఆవిరిగా పోయే నీటికి 700 దాకా. మొత్తం 1,800 కిలోజౌళ్లు అనుకుందాం. కిలో ఎల్పీజీ మండితే సుమారు 46,000 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అంతా గిన్నెకు చేరితే 40 గ్రాముల గ్యాస్‌తో పని అయిపోవాలి. చేరదు. మన దేశంలో ఇంటి గ్యాస్ స్టవ్‌కు నిర్దేశించిన కనీస ఉష్ణ సామర్థ్యం 68 శాతం. అది గాలి కదలని గదిలో, ప్రమాణం ప్రకారం పెట్టిన గిన్నెతో చేసే పరీక్షలో వచ్చే అంకె. నది గట్టు మీద 45 శాతం దక్కితే మంచి వంటే. ఆ లెక్కన అన్నానికి 90 గ్రాములు, రెండున్నర కిలోల చికెన్ కూరకు ఇంచుమించు 105, ఒక విడత చాయ్‌కి 35. అంటే మధ్యాహ్నం భోజనం, చాయ్ కలిపి పావుకిలో లోపే. పొద్దున ఉప్మా, సాయంత్రం మళ్లీ చాయ్, రాత్రి ఆగితే ఇంకో పూట వంట అన్నీ కలుపుకున్నా రోజుకు అరకిలో గ్యాస్ చాలు. అయిదు కిలోల సిలిండర్ ఒక గుంపుకు పది రోజుల వంటకు సరిపోతుంది. గ్యాస్ తక్కువ పడుతుందన్న భయంతో 14.2 కిలోల ఇంటి సిలిండర్‌ను బండెక్కించి, ఆ ముప్పై కిలోల బరువును గట్టు దిగి పడవలోకి చేర్చే అవసరం ఎవరికీ లేదు.

ఇదే అన్నాన్ని గంజి వార్చే పద్ధతిలో ఏడు లీటర్ల నీళ్లు పెట్టి వండితే 90 గ్రాములు కాస్తా 150 అవుతాయి. ఇంట్లో ఆ తేడా కనిపించదు. ఒడ్డున, గాలిలో, ఒకే పొయ్యి మీద అది అరగంట ఆలస్యంగా కనిపిస్తుంది.

ఇప్పుడు భట్టీ దగ్గరికి వద్దాం. సిలిండర్‌లో ఉన్నది గ్యాస్ కాదు, ద్రవం. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ద్రవం పీడనంలో నిలబడి ఉంటుంది. మామూలు వాతావరణ పీడనంలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్ద, బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద మరుగుతాయి. మన ఎండల్లో సిలిండర్ నాబ్ తిప్పగానే ద్రవం పైభాగం మరిగి ఆవిరవుతూ ట్యూబులోకి వస్తుంది. ఏ ద్రవం ఆవిరి కావాలన్నా వేడి కావాలి. కుండలో నీళ్లు చల్లబడేది ఇందుకే. కుండ గోడలోంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని తీసుకుపోతుంది. ఎల్పీజీ కిలో ఆవిరి కావడానికి 350 నుంచి 400 కిలోజౌళ్లు పడుతుంది. ఆ వేడి మంట నుంచి రాదు. మంట ఎక్కడో ట్యూబు అవతల ఉంది. ముందు ద్రవం తన వేడినే ఖర్చుపెట్టి చల్లబడుతుంది, తర్వాత సిలిండర్ ఉక్కు గోడ గుండా బయటి గాలి నుంచి వేడి లాక్కుంటుంది.

ఇంటి స్టవ్ పెద్ద బర్నర్ గంటకు సుమారు 200 గ్రాముల గ్యాస్ తాగుతుంది. దానికి కావలసిన ఆవిరి వేడి 20 వాట్లే. చిన్న సిలిండర్ చుట్టూ ఉన్న గాలి ఆ మాత్రం వేడిని సులభంగా ఇస్తుంది, సిలిండర్ నాలుగైదు డిగ్రీలు చల్లబడి నిలదొక్కుకుంటుంది. గంటకు కిలో తాగే భట్టీకి వంద వాట్లకు పైగా కావాలి. అంత వేడిని గాలి ఆ కొద్దిపాటి ఉక్కు గోడ గుండా పంపలేదు. ద్రవం చల్లబడుతూనే పోతుంది. చల్లబడితే పీడనం పడిపోతుంది, పీడనం పడితే మంట తగ్గుతుంది. పావుగంట గడిచాక సిలిండర్‌ను ముట్టుకుంటే చేతికే తెలుస్తుంది. వానాకాలంలో, నీటి ఒడ్డున గాలి తేమగా ఉన్నప్పుడైతే కంటికీ కనిపిస్తుంది: సిలిండర్ ఒంటి మీద కింది భాగం మాత్రం చెమర్చి, సన్నని చినుకుల వరస ఒక గీత దగ్గర తెగినట్టు ఆగిపోతుంది. ఆ గీత కిందే ద్రవం ఉంది, పైన ఆవిరి ఉంది. గ్యాస్ ఇంకెంత మిగిలిందో అంత సూటిగా చూపించే గుర్తు మరొకటి లేదు. సిలిండర్ సగం ఖాళీ అయ్యాక ఇబ్బంది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే వేడిని దాచుకునే ద్రవమూ తక్కువే, ద్రవాన్ని తాకే గోడ వైశాల్యమూ తక్కువే.

"గ్యాస్ అయిపోయింది" అని అనుకునేది చాలాసార్లు ఇక్కడే. అయిపోలేదు, చల్లబడింది. అప్పుడు మనవాళ్లు చేసే రెండు పనులు ప్రాణం మీదికి తెస్తాయి. సిలిండర్‌ను మంట పక్కకు జరపడం ఒకటి, పడుకోబెట్టి ఊపడం రెండోది. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే ట్యూబులోకి దిగుతుంది. ద్రవ ఎల్పీజీ ఆవిరైతే సుమారు 250 రెట్లు వ్యాకోచిస్తుంది. దమ్మిడీ మంట పెట్టుకున్న బర్నర్ ఒక్క క్షణంలో మనిషెత్తు లేస్తుంది. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకూడదు. చల్లబడిన సిలిండర్‌కు సరైన మందు మంట తగ్గించి కాసేపు ఊపిరి తీసుకోనివ్వడమే.

అందుకే పన్నెండు మందికి ఒక భట్టీ కన్నా మామూలు స్థాయి బర్నర్లు రెండు ఉన్న స్టవ్ మేలు. ఒక దాని మీద అన్నం, ఇంకొక దాని మీద కూర నడుస్తాయి. రెండూ కలిపి గంటకు 400 గ్రాములు దాటవు, సిలిండర్ తట్టుకుంటుంది. పైగా భట్టీ మంట వెడల్పు పెద్ద డేక్సాకు తగ్గది. కిలోన్నర బియ్యం పట్టే గంజును దాని మీద పెడితే మంట గంజు పక్కల నుంచి ఎగదన్ని పోతుంది, అడుగు మాడుతుంది, పైన పలుకు మిగులుతుంది. గిన్నె అడుగు దాటి బయటికి కనిపించే మంట మొత్తం ఆకాశానికి పోతున్న వేడే.

దిల్‌సుఖ్‌నగర్ బ్యాచిలర్ గదుల్లో కనిపించేది మరో రకం: చిన్న సిలిండర్ నెత్తి మీదే బర్నర్ బిగించినది. ఒక్కడి గుడ్డు కూరకు అది బాగానే ఉంటుంది. గుంపు వంటకు పనికిరాదని గట్టిగా చెప్తాను. ఎత్తు మీద, ఇసుకలో నిలబెట్టిన సిలిండర్ మీద ఆరేడు కిలోల గంజు పెడితే బరువంతా పైన చేరుతుంది; గంటె తిప్పినప్పుడల్లా అది ఊగుతుంది. పెద్ద గంజు అడుగు నుంచి వేడి కిందికి, సిలిండర్ మీదికే తిరిగి కొడుతుంది. పక్కకు ట్యూబుతో కలిపే స్టవ్ అయితే మంట నేల దగ్గర ఉంటుంది, సిలిండర్ మీటరు దూరంలో నీడన ఉంటుంది.

గాలి సంగతి విడిగా చెప్పుకోవాలి. సాగర్ వెనుక జలాల మీద మధ్యాహ్నం అయ్యేసరికి అడ్డూ ఆపూ లేని గాలి వీస్తుంది. గాలి మంటను ఆర్పకపోయినా వేడిని దోచుకుంటుంది. గిన్నె అడుగును తాకాల్సిన వేడి వాయువులను పక్కకు ఈడ్చుకుపోతుంది, గిన్నె పక్కలను చల్లారుస్తుంది, మంటకు చేరే గాలి పాళ్లను కూడా చెడగొడుతుంది. సరైన పాళ్లలో గాలి కలిసిన గ్యాస్ నీలంగా మండుతుంది. గాలి చాలకపోతే కాలకుండా మిగిలిన కార్బన్ నలుసులు ఎర్రగా కాగి మంటను పసుపు చేస్తాయి, గిన్నెకు మసి పడుతుంది. మూడు వైపులా అడ్డు కట్టుకుంటే చాలు: రాళ్లు, రేకు, ఒడ్డుకు లాగి పక్కకు వాల్చిన ఖాళీ పుట్టి. పుట్టి మంటకు అంటుకోనంత దూరంలో ఉండాలి, నాలుగో వైపు తెరిచి ఉండాలి, సిలిండర్ మాత్రం అడ్డుకు బయటే ఉండాలి. మంటతో పాటు దాన్నీ లోపల మూసేస్తే వేడికి పీడనం పెరుగుతుంది. 30 డిగ్రీల వద్దే స్వచ్ఛమైన ప్రొపేన్ పీడనం వాతావరణ పీడనానికి పది రెట్లు దాటుతుంది.

మూత మీద ఒక మాట. మరుగుతున్న నీళ్లు ఎంత పెద్ద మంట పెట్టినా ఇంకా వేడెక్కవు. హైదరాబాద్ సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అక్కడే ఆగుతాయి. ఆ తర్వాత ఇచ్చే వేడంతా ఆవిరి చేయడానికే పోతుంది. లీటరు నీటిని మరిగించడానికి పట్టే వేడి 314 కిలోజౌళ్లయితే, అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి 2,257 కావాలి, ఏడు రెట్లు. మూత లేకుండా కుతకుత ఉడికించడం అంటే గ్యాస్‌ను కృష్ణ గాలిలో కలపడమే. ఎసరు మరగగానే మంట తగ్గించి మూత బిగించాలి. బియ్యం అరగంట ముందే నానబెట్టుకుంటే ఇంకా త్వరగా ఉడుకుతుంది. నీళ్లు ఇంకిపోయే వేళకు గంజు దించి దుప్పటి చుట్టి పదిహేను నిమిషాలు పక్కన పెడితే మిగతా ఉడుకు తనంతట తానే పూర్తవుతుంది, ఆ బర్నర్ కూరకు దొరుకుతుంది. పప్పు, మటన్ ఉంటే కుక్కర్ తప్పదు. లోపలి పీడనం రెట్టింపు కావడంతో నీళ్లు 120 డిగ్రీల దాకా పోతాయి, ఉడికే సమయం మూడో వంతుకు పడిపోతుంది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎముకలు మెత్తబడేలా ఉడికించడానికి చేసిన పాత్రే దీనికి మూలం.

ఈ తరం పిల్లలు చూడని పంపు స్టవ్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే పైన చెప్పిన చల్లబడే జబ్బు దానికి లేదు. 1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ స్టవ్ వంశం అది. ఇత్తడి ట్యాంకులో గ్యాస్ నూనె (కిరోసిన్), పక్కన పంపు, పైన బర్నర్. ముందు బర్నర్ చుట్టూ ఉన్న చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి అంటిస్తారు. బర్నర్ కాగాక పంపు కొడితే నూనె పైకెక్కి, మంట మధ్యలోంచి పోయే గొట్టంలో ఆవిరై, నిపుల్ సన్న రంధ్రం గుండా హోరుమని బయటికొస్తుంది. అంటే ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలిని అడుక్కోదు, తన మంట నుంచే తీసుకుంటుంది. అందుకే ఎంత చలిలోనైనా, ఎంత సేపైనా ఒకే తీరుగా మండుతుంది. 1911లో అముండ్‌సెన్ దక్షిణ ధ్రువానికి, 1953లో హిల్లరీ, టెన్‌సింగ్ ఎవరెస్టుకు తీసుకుపోయింది ఈ జాతి స్టవ్‌నే. నిపుల్‌కు పట్టిన మసిని తీసే స్టవ్ పిన్ను మన ఇళ్లలో ఒకప్పుడు అగ్గిపెట్టె పక్కనే ఉండేది. ఇప్పుడు నగరంలో కిరోసిన్ దొరకడమే గగనం, రిపేరు చేసేవాళ్లూ అరుదు. ఎవరింట్లోనైనా బాగున్న పంపు స్టవ్ ఉంటే పారేయకండి. కానీ దాన్ని నమ్ముకుని పన్నెండు మందిని తీసుకుపోవద్దు; పంపు ఎక్కువ కొట్టి, మండుతుండగా నూనె పోసి జరిగిన ప్రమాదాలు పాత తరానికి బాగా తెలుసు.

ఇటీవల ట్రెక్కింగ్ దుకాణాల్లో అరచేతిలో ఇమిడే స్టవ్‌లు వచ్చాయి. 230 గ్రాముల డబ్బా మీద మరలా తిప్పి బిగించేవి. హిమాలయాలకు నడిచి పోయేవాళ్లకు, ఇద్దరు ముగ్గురికి చక్కని వస్తువు. మన లెక్క ప్రకారం పన్నెండు మంది ఒక్క పూట భోజనానికే ఒక డబ్బా పోతుంది. సన్నని కాళ్ల మీద పెద్ద గంజు నిలవదు కూడా. బరువు మోయాల్సిన చోట మాత్రమే దానికి విలువ. పడవ ప్రయాణంలో బరువు మోసేది నీళ్లే కాబట్టి నడక ప్రయాణానికి పెట్టుకునే నియమాలు ఇక్కడ వర్తించవు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అనే సరస్సుల అడవి ఉంది. కనూలు వేసుకుని రోజుల తరబడి తిరుగుతారు. ఒక గుంపులో తొమ్మిది మందికి మించి, నాలుగు పడవలకు మించి ఉండకూడదని అక్కడి నిబంధన. అక్కడ గుంపులు మడతపెట్టే రెండు బర్నర్ల స్టవ్‌లను తీసుకుపోవడం మామూలే. చలి దేశం కాబట్టి డబ్బాలో ప్రొపేన్ ఉంటే మంచిది. బ్యూటేన్ గడ్డకట్టే చలిలో మరగక, డబ్బా నిండుగా ఉన్నా మంట రాదు. హైదరాబాద్ శీతాకాలంలో ఆ బాధ లేదు. లడఖ్ పోయే మన పిల్లలు మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

మూడు రాళ్లు, ఎండు కట్టెలతోనే వండుతామనేవాళ్లు ఉన్నారు. కృష్ణ మీద పుట్టిలో వేటకు పోయేవాళ్లు తరతరాలుగా ఒడ్డున వండుకున్నది అలాగే, ఆ పొయ్యి మీద ఉడికిన చేపల పులుసు రుచి నేను కాదనను. వాళ్లకు నేల తెలుసు, గాలి తెలుసు, నిప్పు ఆర్పడం తెలుసు. కానీ మూడు రాళ్ల పొయ్యిలో గిన్నెకు చేరే వేడి పది పదిహేను శాతమే, మిగతాది పొగ. పైగా సాగర్, శ్రీశైలం వెనుక జలాల ఒడ్డు చాలా చోట్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ఆనుకుని ఉంది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్‌ శ్రీశైలం పులుల రిజర్వులో తెలంగాణ వాటాకు వచ్చిన భాగమే అది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ గడ్డి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. అభయారణ్యానికి హాని కలిగేలా నిప్పు రాజేయడం, మండే నిప్పును వదిలి రావడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అడవి హద్దు ఎక్కడో తెలియని నగరవాసులు కట్టెల ఆలోచన పూర్తిగా మానుకోవాలి. గ్యాస్ స్టవ్ కూడా గడ్డి లేని ఇసుక మీదో, బండ మీదో మాత్రమే వెలిగించాలి.

పడవలో వండొద్దు. లాంచీలో, పుట్టిలో, తాటి దోనెలో, దేనిలోనైనా సరే. మంట వల్ల వచ్చే ప్రమాదం ఎవరికైనా తెలుస్తుంది, అసలు భయం మంట పెట్టక ముందే ఉంది. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. ఒడ్డున కారిన గ్యాస్ చెల్లాచెదురై గాలికి పోతుంది. పడవలో కారితే అడుగుకు జారి, నాలుగు వైపులా గోడలున్న ఆ తొట్టిలో పేరుకుంటుంది. గాలిలో రెండు శాతం ఎల్పీజీ కలిస్తే అంటుకోవడానికి చాలు. వంద గ్రాముల ద్రవం కారితే సుమారు రెండున్నర ఘనపు మీటర్ల గాలిని అంటుకునే మిశ్రమంగా మార్చగలదు. ఒక మాదిరి పడవ అడుగంతా అందులో పట్టేస్తుంది. గ్యాస్‌కు వాసన కోసం కలిపే ఇథైల్ మెర్‌కాప్టన్ కూడా నీళ్ల గాలిలో, నిలబడిన మనిషి ముక్కుకు ఆలస్యంగా తగలొచ్చు. అందుకని పడవ ఎక్కేముందే రెగ్యులేటర్ తీసేసి, వాల్వుకు సేఫ్టీ క్యాప్ బిగించి, సిలిండర్‌ను పడవ మధ్యలో నిలువుగా కట్టేయాలి. డేరాలో వండటం కూడా ఇలాంటిదే. గాలి చాలని చోట మంట కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. దానికి వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వానొచ్చినా సరే స్టవ్ డేరా బయటే ఉండాలి.

సొంత బండి లేకుండా రైల్లో, బస్సులో పోయే గుంపులు సిలిండర్ తీసుకుపోనే కూడదు. ఎల్బీనగర్ దాకా మెట్రోలో తెచ్చుకుందామన్నా కుదరదు, గ్యాస్ సిలిండర్లకు మెట్రోలో అనుమతి లేదు. రైల్వే చట్టంలో ఇలాంటి ప్రమాదకర వస్తువులు తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు ఉంది. 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ యార్డులో ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండర్‌తో వంట చేస్తుండగా మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. లక్నో నుంచి తీర్థయాత్రకు వచ్చినవాళ్లు. అలాంటి ప్రయాణంలో చేరిన ఊళ్లోనే వంట మాట్లాడుకోవడం మంచిది. వైజాగ్ కాలనీలో చేపలు వండిపెట్టే కుటుంబాలు ఉన్నాయి.

ఇక కొనడం. కనెక్షన్ లేనివాళ్లకు అయిదు కిలోల సిలిండర్ అమ్మే పథకం 2013లో మొదలైంది. ఇండియన్ ఆయిల్ దీన్ని ‘ఛోటు’ పేరుతో అమ్ముతుంది, హెచ్‌పీ వాళ్లు ‘అప్పు’ పేరుతో అమ్ముతారు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, అడ్రస్ ప్రూఫ్ అడగరు. గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. గల్లీల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ ఎక్కించే చోటికి మాత్రం పోవద్దు. సిలిండర్‌లో ద్రవం వేడెక్కితే వ్యాకోచించడానికి పైన ఖాళీ వదలాలి. కొలత లేకుండా నింపే చోట ఆ ఖాళీ ఉందో లేదో ఎవరికీ తెలియదు. నిండా ద్రవం ఉన్న సిలిండర్ ఎండలో ఆగిన బండిలో ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ప్లాస్టిక్, ఫైబర్ పొరలతో చేసిన కాంపోజిట్ సిలిండర్లు 2021 నుంచి వస్తున్నాయి. ఉక్కు దానిలో సగం బరువే ఉంటాయి, వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి గ్యాస్ మట్టం కనిపిస్తుంది, తడికి తుప్పు పట్టవు. పడవ ప్రయాణాలకు నా ఓటు వాటికే.

ఉక్కు సిలిండర్ తీసుకుంటే పైన పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, పక్కన రెండంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ దాకా, సి అంటే సెప్టెంబర్ దాకా, డి అంటే డిసెంబర్ దాకా. పక్కన ఉన్నది సంవత్సరం. ఆ గడువు దాటిన సిలిండర్‌ను మళ్లీ పీడన పరీక్షకు పంపాలి, దుకాణంలోనే తిప్పి ఇచ్చేయండి. ట్యూబు ఐఎస్ఐ గుర్తు ఉన్న నారింజ రంగు సురక్షా రకం తీసుకోండి. ఎండకు పగుళ్లు పడ్డాయేమో ప్రతిసారీ వంచి చూడండి. బిగించాక సబ్బు నురుగు రాస్తే కారుతున్న చోట బుడగలు లేస్తాయి. అగ్గిపుల్లతో చూసే అలవాటు ఇంకా కొందరికి ఉంది, అది మానాలి.

అదే పట్టీ మీద ఖాళీ సిలిండర్ బరువు కూడా ముద్రించి ఉంటుంది. బయల్దేరే ముందు రోజు కిరాణా దుకాణం కాటా మీద సిలిండర్ పెట్టి తూకం రాసుకోండి. రెండు అంకెల తేడా చేతిలో ఉన్న గ్యాస్. తిరిగొచ్చాక మళ్లీ తూకం వేసి, ఎంతమంది తిన్నారు, ఏమేం వండారు, గాలి ఎలా ఉంది పక్కన రాయండి. నేను పైన చెప్పిన అరకిలో అంచనా మీ గుంపుకు ఎక్కువో తక్కువో అప్పుడు తేలుతుంది. తర్వాతి ప్రయాణానికి సిలిండర్ మార్చాలా, ఉన్నదే సరిపోతుందా అన్నది ఆ కాగితం చూసి చెప్పొచ్చు.